పొరుగింటి దీపం ఆరితే చప్పట్లా?



కొంతకాలంగా ఒక ఛాయాచిత్రం చేతులు మారి మారి నా దాకా వస్తున్నది. ఎత్తైన పైకప్పు, వెనుక బలిపీఠం, దాని ముందు బల్లలు, బల్లలమీద మధుపాత్రలు. కింద రాత ఒక్కొక్కసారి ఒక్కొక్క రకం. సారం మాత్రం ఒక్కటే: ఇంగ్లండువారు తమ గుడిని తామే మద్యశాల చేసుకొన్నారు, వారి మతం వారి ఇంట్లోనే చచ్చింది, ఇక మనకు చెప్పవస్తారా, అని. పంపినవారిలో బాగా చదువుకొన్నవారున్నారు. శతకాలమీద, ప్రబంధాలమీద చక్కని టపాలు రాసే చేతులు కూడా ఈ చిత్రాన్ని ముందుకు తోశాయి. అందుకే ఈ టపా రాయక తప్పలేదు.

నేను కాథలిక్కును కాను. నిత్యం విష్ణుసహస్రనామం చదువుకొనేవాణ్ణి. ఆ మతాన్ని వెనకేసుకు రావలసిన అగత్యం నాకు లేదు. మతమార్పిడులమీద ఎవరికి ఏ అభిప్రాయమున్నా దానిమీద వాదించడానికీ ఇక్కడ కూర్చోలేదు. కాని ఒక కట్టడాన్ని తీసుకువచ్చి, దాని చరిత్ర నోరు నొక్కి, మనకు కావలసిన సాక్ష్యం దానిచేత చెప్పించడం అన్యాయం. అన్యాయం ఎవరి పట్ల జరిగినా అన్యాయమే.

ఆ చిత్రంలోని కట్టడం లివర్‌పూల్ నగరంలో సీల్ వీధిలో ఉన్న సెయింట్ పీటర్స్ దేవాలయం. బెనెడిక్టు సభ గురువులు 1788లో కట్టించినది. ఈ సంవత్సరాన్ని గమనించండి. కాథలిక్కులు బహిరంగంగా ప్రార్థనామందిరం నడుపుకోవచ్చునని ఇంగ్లండు చట్టం ఒప్పుకొన్నది 1791లో. ఆ ఒప్పుకోలు కూడా షరతులతోనే: మందిరానికి శిఖరం ఉండరాదు, గంట ఉండరాదు. అంటే సీల్ వీధి గుడి చట్టానికంటే మూడేళ్లు ముందు పుట్టింది. దొరలు దర్జాగా కట్టుకొన్న గుడి కాదది. భయపడుతూ కట్టుకొన్నది.

ఆ భయం ఊరికే పుట్టలేదు. 1559లో ఎలిజబెత్ రాణి ప్రభుత్వం చేసిన చట్టాలతో కాథలిక్కుల దివ్యబలిపూజ నిషిద్ధమైంది. ప్రభుత్వ సంఘపు గుడికి రాని వారికి జరిమానా. 1581లో ఆ జరిమానాను నెలకు 20 పౌన్లకు పెంచారు. కూలివాని ఏడాది సంపాదన కూడా అంత ఉండేది కాదు. 1585 చట్టం ప్రకారం గురువుకు ఇంట్లో చోటిచ్చినవారికి కూడా మరణశిక్షే. ఇన్ని చేసినా లాంకషైరు సీమలో పాత మతం పూర్తిగా పోలేదు. మారుమూల ఇళ్లలో, మేడ మీది గదుల్లో బతికింది. లివర్‌పూల్ ఆ సీమలోని రేవు.

18వ శతాబ్దిలో ఆ ఊళ్లో ఎడ్మండ్ వీధి దగ్గర ఏసు సభ గురువులు ఒక చిన్న మందిరం పెట్టుకొన్నారు. 1745లో స్టూవర్టు వంశీయుడు సింహాసనం కోసం తిరుగుబాటు చేశాడు, మరుసటి ఏడు ఓడిపోయాడు. ఆ కోపం అల్లరిమూకలు ఈ మందిరంమీద తీర్చుకొన్నాయి. 1746లో దాన్ని ధ్వంసం చేసి తగులబెట్టాయి. ఆ తరువాత కట్టుకొన్న మందిరాన్ని బయటి నుంచి చూస్తే సరుకుల గోదామని భ్రమపడేటట్టు కట్టుకొన్నారు. గోదాము వేషం వేసుకొని బతికిన గుడి అది. మన చిత్రం పంపేవారు దీన్ని 'పాలకుల మతం' అంటున్నారు! పాలకులు జరిమానా వేసి, ఉరితీసి, తగులబెట్టి అణచదలచిన మతం ఇది.

ఇక్కడ ఒక్క మాట మీద ఆగుతాను. ఇంగ్లీషువారి 'పారిష్' అనే మాటను మన తెలుగు కాథలిక్కులు 'విచారణ' అన్నారు. ఆ పల్లెల బాగోగులు చూసే గురువు విచారణ గురువు. ఎవరు పెట్టారో గాని ఎంత చక్కని మాట! యోగక్షేమాలు విచారించడం అని మన పెద్దలు అనేవారు కదా, ఆ విచారణే ఇది. పుట్టిన బిడ్డ పేరు ఎక్కించుకోవడం, జబ్బుపడినవాని మంచం దగ్గరికి వెళ్లడం, బడి పెట్టడం, దిక్కులేని శవానికి చోటు చూపడం. గుడి అంటే గోడలు, విచారణ అంటే మనుషులు. లివర్‌పూల్ కాథలిక్కు చరిత్రలో సారమంతా ఈ రెండో మాటలో ఉంది. చిత్రంలో మాత్రం మొదటిదే కనబడుతుంది.

పార్క్ ప్లేసులోని సెయింట్ పాట్రిక్స్ చూడండి. 1821లో శంకుస్థాపన, 1827లో ప్రారంభం. ఆ రోజుల్లో గుళ్లలో కూర్చునే బల్లలకు అద్దె ఉండేది. డబ్బున్నవాడు ముందు, లేనివాడు వెనుక గోడకు ఆనుకొని నిలబడాలి. సెయింట్ పాట్రిక్స్ కట్టినవారు కింది అంతస్తు మొత్తం పేదలకు ఉచితమని నియమం పెట్టుకొన్నారు. అప్పటికి ఆ రేవులో మూటలు మోసేవారిలో, కాలువలు తవ్వేవారిలో ఐర్లండు నుంచి వచ్చినవారు చాలామంది. ఎవరు గుడికి వస్తారో తెలిసి కట్టిన గుడి అది.

తరువాత 1845 వచ్చింది. ఐర్లండులో బంగాళాదుంప పైరు కుళ్లిపోయింది. వరుసగా కొన్నేళ్లు కరవు. సుమారు పది లక్షలమంది చనిపోయారు. చావగా మిగిలినవారు పడవలెక్కారు. 1847 ఒక్క సంవత్సరంలో లివర్‌పూల్ రేవులో దిగిన ఐరిషువారు దాదాపు మూడు లక్షలు. ఆ నగర జనాభాయే అప్పటికి నాలుగు లక్షలు లేదు. కొందరు అమెరికాకు సాగిపోయారు. టిక్కెట్టుకు డబ్బులేనివారు, నడవలేనివారు అక్కడే నేలమాళిగల్లో తలదాచుకొన్నారు. 1851 జనాభా లెక్కల్లో ఆ నగరవాసుల్లో అయిదింట ఒకరికి మించి ఐర్లండులో పుట్టినవారే.

ఆ కరవు సహాయానికి లండను ఖజానా శాఖలో పెత్తనం వహించిన అధికారి చార్లెస్ ట్రెవెల్యాన్. ప్రభుత్వం ఎక్కువగా ఆదుకొంటే జనం సోమరులౌతారని నమ్మిన మనిషి. ఆ ట్రెవెల్యానే 1859లో చెన్నపట్నం గవర్నరుగా వచ్చాడు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు ఆ రాజధాని కిందివే. 1832–33లో నందన కరవు గుంటూరు సీమను ఊడ్చివేసింది. 1876–78లో ధాత కరవు వచ్చింది. మన తాతముత్తాతల ఆకలి, లివర్‌పూల్ నేలమాళిగల్లోని ఐరిషువాని ఆకలి ఒకే సామ్రాజ్యపు ఖాతా పుస్తకంలో రాసిన పద్దులు. ఇప్పుడు వాని మనుమల గుడి మూతపడితే మనం చప్పట్లు కొడుతున్నాం, దొరమీద పగ తీరిందని! ఆ గుడి దొరది కాదయ్యా. నీవంటివానిది.

1847లో టైఫస్ జ్వరం చెలరేగింది. పడవల్లో వచ్చిన బక్కప్రాణాలు నేలమాళిగల్లో గుట్టలుగా పడి ఉన్నాయి. ఆ చీకట్లోకి దిగి, చనిపోయేవారి నోటి దగ్గర చెవిపెట్టి చివరి మాట విన్నవారు విచారణ గురువులు. ఆ జ్వరం తగిలి పదిమంది గురువులు ఆ ఒక్క ఏడాదిలోనే చనిపోయారు. సెయింట్ పాట్రిక్స్ ఆవరణలో వారి స్మారకంగా ఒక శిలువస్తంభం ఉంది. అదే గుడిలో పనిచేస్తూ జ్వరం తగిలి బతికి బయటపడిన బెర్నార్డ్ ఓరైలీ 1873లో ఆ నగరానికి పీఠాధిపతి అయ్యాడు. ఒక్క కాథలిక్కులే సేవ చేశారని చెప్పడం నా ఉద్దేశం కాదు. యూనిటేరియన్ సంఘపు బోధకుడు జాన్ జాన్స్ కూడా ఆ పేటల్లో తిరిగి ఆ ఏడే ఆ జ్వరానికే బలి అయ్యాడు. నగరం ఆ సంవత్సరమే డాక్టర్ డంకన్‌ను ఆరోగ్యాధికారిగా నియమించింది, ఆ దేశంలో అటువంటి పదవి చేపట్టిన మొదటివాడాయన. ఎవరి దేవుడెవరైనా చావు పక్కన కూర్చున్నవాడు పూజ్యుడే. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఆ చిత్రాన్ని ఎవరైనా నవ్వుతూ పంపగలిగేవారా?

1850లో లివర్‌పూల్ మేత్రాసనం ఏర్పడింది. నగరానికి తగిన ప్రధాన దేవాలయం కావాలన్నారు. ఎవర్టన్ గుట్టమీద ఎడ్వర్డ్ వెల్బీ ప్యూజిన్ అనే యువ వాస్తుశిల్పి నమూనాతో 1853లో పని మొదలయింది. 1856 నాటికి మరియమాత మందిరభాగం ఒక్కటి లేచింది. అక్కడితో ఆపేశారు. కారణం ఏమిటి? డబ్బు పేటల్లో బళ్లకు, చిన్న గుళ్లకు కావలసి వచ్చింది. శిఖరం ఆపి బడి కట్టారు. నలభై ఏళ్లకు దగ్గరగా బల్లముక్క చేతబట్టిన నాకు ఈ ఒక్క నిర్ణయం చాలు, ఆ నగరం వైపు తిరిగి నమస్కరించడానికి.

ఆ బళ్లలోనుంచి, ఆ విచారణలలోనుంచి ఒక లోకం పుట్టింది. స్కాట్లండ్ రోడ్డు పొడవునా సెయింట్ ఆంథొనీ, సెయింట్ సిల్వెస్టర్, ఎల్డన్ వీధిలో ప్యూజిన్ కట్టిన సమాధానమాత గుడి. ఒక్కొక్కటి ఒక్కొక్క పేట. మనిషి తాను ఏ వీధివాడో చెప్పడానికి ముందు ఏ విచారణవాడో చెప్పేవాడు. ఆ ప్రాంతం 1885 నుంచి 1929 వరకు టి.పి. ఓకానర్ అనే ఐరిష్ జాతీయవాదిని పార్లమెంటుకు పంపింది. ఐర్లండు వెలుపల ఆ పక్షానికి స్థానమిచ్చిన నియోజకవర్గం అదొక్కటే. జేమ్స్ న్యూజెంట్ అనే గురువు వీధిపిల్లలకు ఆశ్రయాలు నడిపాడు, వాల్టన్ చెరసాలలో ఖైదీల గురువుగా ఉన్నాడు. ఆయన విగ్రహాన్ని 1906లో నగరం నడిబొడ్డున నిలబెట్టారు. సాల్స్‌బరీ వీధిలోని సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్స్ 1848లో తెరిచిన గుడి. 1880–81లో అక్కడ ఒక బక్కపలచని గురువు రోగుల ఇళ్ల చుట్టూ తిరుగుతూ, ఆ దైన్యానికి తాళలేక కుమిలిపోతూ, ఉండేవాడు. పేరు జెరార్డ్ మాన్లీ హాప్కిన్స్. తాను విచారించిన ఒక గుర్రపు నాడాల పనివాని మరణంమీద ఆయన అక్కడే రాసిన పద్యం 'ఫెలిక్స్ రాండల్'. ఆంగ్లసాహిత్యం చదివిన మిత్రులు దాన్ని గొప్ప కవిత అంటారు. ఆ కవితకు ముడిసరుకు ఇచ్చినది వాస్తుశిల్పం కాదు, విచారణ.

అంతా మధురమేనా అంటే కాదు. ఆ పేటల మధ్య పగలుండేవి. 1909లో హోలీక్రాస్ విచారణ ఊరేగింపు సందర్భంగా కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు తలలు పగలగొట్టుకొన్నారు. అటువారు ఇటు పేటలో, ఇటువారు అటు పేటలో కాపురం ఉండలేక ఇళ్లు వదిలి వెళ్లారు. మనకు ఇటువంటి వార్తలు కొత్తా? అందుకే చెబుతున్నాను.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఇన్ని గుళ్లు ఎందుకు మూతపడ్డాయి? విశ్వాసం తగ్గలేదని నేననను. తగ్గింది. ఆదివారం గుడికి వెళ్లేవారు అక్కడ బాగా తగ్గారన్నది నిజం. కాని అది సగం కథ. మిగతా సగం ఏమిటంటే, మనుషులను అక్కడినుంచి తీసివేశారు. 1941 మేలో జర్మను విమానాలు రేవుపేటలను బుగ్గిచేశాయి. మురికివాడల తొలగింపు పేరుతో యుద్ధానికి ముందూ, తరువాతా వేలకొలది కుటుంబాలను కర్క్‌బీకి, స్పీక్‌కు తరలించారు. 1971లో తెరిచిన రెండో మెర్సీ సొరంగమార్గం కోసం స్కాట్లండ్ రోడ్డు పేటను చీల్చివేశారు. రేవులో పనులు పోయాయి. 1931లో ఎనిమిదిన్నర లక్షలకు పైబడిన నగర జనాభా 2001 నాటికి 4,39,000కు దిగింది. సగం మనుషులు లేని ఊళ్లో గుళ్లు నిండుగా ఎలా ఉంటాయి?

దీనికి మన దగ్గరి ఉదాహరణ చెబితే గాని తెలియదేమో. కృష్ణా తీరాన సంగమేశ్వరం ఉంది. ఏడాదిలో ఎక్కువ నెలలు శ్రీశైలం జలాశయం నీటి అడుగునే ఉంటుంది. ఆ జలాశయం కోసమే కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని రాయిరాయి విప్పి ఆలంపురానికి తరలించారు. మునిగిన ఊళ్లవారు తలొక దిక్కు చెదిరిపోయారు. ఏ పరదేశీయుడో నీట మునిగిన ఆ శిఖరాన్ని ఫోటో తీసి, తెలుగువారు తమ దేవుణ్ణి తామే ముంచుకొన్నారు, వారి భక్తి ఇంతే, అని ఊరంతా పంచితే మనకెలా ఉంటుంది? ఆ ఊళ్లవారి కన్నీరు వానికి తెలియదని అంటాం. మూర్ఖుడని అంటాం. ఆ మాటే మనకూ వర్తిస్తుంది.

ఇక ఎదుటి పక్షంవారికి కూడా ఒక మాట. వీరు నవ్వరు, మెచ్చుకొంటారు. పాత కట్టడాన్ని పడగొట్టకుండా కొత్త పనికి వాడుకొన్నారు, ఎంత నాగరికత, అంటారు. సీల్ వీధి గుడి విచారణ పోయాక కొన్నాళ్లు పోలండువారికి ఆశ్రయమిచ్చి, తరువాత పాడుపడి, 2005లో మద్యశాల, భోజనశాల అయింది. ఏథల్ వీధిలోని సెయింట్ ఆల్బన్స్ గోడలెక్కే ఆటకు సాధనశాల అయింది. పడగొట్టడంకంటె ఇది నయమే, కాదనను. కాని గోడ నిలిచినంతమాత్రాన వారసత్వం నిలిచిందనడం తాటాకులు భద్రపరచి పద్యాలు చెరిపివేయడం వంటిది. ఫాక్స్ వీధిలో మేరీ ఆఫ్ ది ఏంజెల్స్ అని ఒక గుడి ఉంది. ఓడల కంపెనీ వారసురాలు ఏమీ ఇమ్రీ డబ్బుతో 1910 నాటికి పూర్తయింది. ఎవర్టన్ పేదలు రోము వెళ్లలేరు గనుక రోము సొగసును వారి వీధికే తెచ్చారు. ఆమె తరువాత సన్యాసినుల మఠంలో చేరిపోయింది. 2001లో గుడి మూతపడింది. తరువాత నగర వాద్యబృందం అక్కడ సాధన చేయడం, ఆ పేట పిల్లలకు సంగీతం నేర్పడం మొదలయింది. నా దృష్టిలో సరైన పునర్వినియోగం అంటే ఇది. గోడ ఎవరికోసం లేచిందో వారి బిడ్డలకే మళ్లీ ఉపయోగపడింది. మద్యశాలకు, దీనికి తేడా పవిత్రతలో కాదు, ఎవరికి తలుపు తెరిచారన్నదానిలో ఉంది.

మూడో వర్గం ఒకటుంది, వాస్తురసికులు. వీరి శోకమంతా కట్టని గుడి గురించి. మన ఢిల్లీలో రాష్ట్రపతి భవనం కట్టిన ఎడ్విన్ లుట్యెన్స్ లివర్‌పూల్‌కు ఒక మహాదేవాలయం రూపొందించాడు. గోపుర వ్యాసం 168 అడుగులు, రోములోని సెయింట్ పీటర్స్ గోపురంకంటె పెద్దది. పాత పేదల పనిశాల నేలను 1930లో లక్ష పౌన్లకు కొని, 1933లో శంకుస్థాపన చేశారు. 1941లో యుద్ధంవల్ల పని ఆగింది. నేలమాళిగ మాత్రమే మిగిలింది. యుద్ధం తరువాత అంచనా 30 లక్షల పౌన్లనుంచి 2 కోట్ల 70 లక్షలకు ఎక్కింది. చివరికి ఫ్రెడరిక్ గిబర్డ్ రూపకల్పనలో గుండ్రని గుడిని 1962లో మొదలుపెట్టి అయిదేళ్లు తిరక్కుండా 1967లో ప్రతిష్ఠించారు. రసికులు లుట్యెన్స్ కొయ్య నమూనా చూసి నిట్టూరుస్తారు. నేను నిట్టూర్చను. ఆ గోపురానికి కూడా పేదల పైసలే పోగుచేశారు. ఆ గోపురం లేచి ఉంటే దాని కప్పు మరమ్మతులకే మరో రెండు తరాల పైసలు పోయేవి. ఉన్న గుండ్రని గుడి కప్పు కారిందని ఎగతాళి చేసేవారున్నారు. కారింది నిజమే. కాని అందులో జనం బలిపీఠం చుట్టూ కూర్చుంటారు. ముందువాడు, వెనుకవాడు అనే తేడా చాలావరకు పోయింది. సెయింట్ పాట్రిక్స్ కింది అంతస్తు ఆలోచన ఇక్కడికి వచ్చి నిలిచింది.

మతం చచ్చిందనేవారు 1989 ఏప్రిల్ 16 చూడండి. ముందురోజు హిల్స్‌బరో మైదానంలో తొక్కిసలాట. దానివల్ల చనిపోయినవారు మొత్తం 97 మంది. మరునాటి సాయంత్రం ఆ గుండ్రని గుడి నిండిపోయి, వేలమంది బయట మెట్లమీద నిలబడ్డారు. కాథలిక్కులు, ప్రొటెస్టెంట్లు, ఏదీ కానివారు కలిసి. 1909లో తలలు పగలగొట్టుకొన్న ఊరే అది. ఈ మార్పుకు అగ్రపీఠాధిపతి డెరిక్ వర్లాక్, ఆంగ్లికన్ పీఠాధిపతి డేవిడ్ షెప్పర్డ్ చాలా ఏళ్లు పక్కపక్కన నడిచి పాటుపడ్డారు. 1982లో పోపు వచ్చినప్పుడు రెండు ప్రధాన దేవాలయాలకూ వెళ్లాడు. ఆ రెండింటినీ కలిపే వీధి పేరు హోప్ స్ట్రీట్, అంటే ఆశావీధి. అదే వీధిలో 2008లో ఆ ఇద్దరి స్మారకం నిలిపారు.

అక్కడికి ఉత్తరాన, అదే లాంకషైరులో, ప్రెస్టన్ అనే ఊళ్లో సెయింట్ ఇగ్నేషియస్ గుడి 2014లో మూతపడింది. మరుసటి ఏడు దాన్ని కేరళనుంచి వెళ్లిన సిరో మలబారు కుటుంబాలకు ఇచ్చారు. 2016లో అది వారి మేత్రాసనానికి ప్రధాన దేవాలయం అయింది. ఆస్పత్రుల్లో రాత్రిపూట రోగుల పక్కన మేలుకొనే మన దేశపు నర్సుల కుటుంబాలు ఆ గుడి దీపం మళ్లీ వెలిగించాయి. చప్పట్లు కొట్టదలచినవారు దీనికి కొట్టవచ్చు కదా?

మూసివేతలు నిర్ణయించే మతాధికారులను కూడా నేను వదలను. ఆదివారం ఎన్ని తలలు లెక్కకు వచ్చాయి, కప్పు బాగుకు ఎంత అవుతుంది, అనే రెండు అంకెలతో ఒక విచారణ ఆయుష్షు తేల్చడం న్యాయం కాదు. 1847లో ఆ లెక్క వేసి ఉంటే నేలమాళిగల్లోకి ఎవరూ దిగేవారు కారు. పేటనుంచి జనాన్ని తరలించినప్పుడు గట్టిగా అడ్డుపడనివారు, తరువాత జనం లేరని తాళం వేయడం ఎటువంటి ధర్మం?

చివరగా మన సంగతి. మన పల్లెల్లో పూజారి వలసపోయి తాళం పడిన గుళ్లున్నాయి. బడిలో పిల్లలు లేక మూసిన పాఠశాలలున్నాయి. వాటిలో దీపం ఎందుకు ఆరింది, ఎవరు ఎక్కడికి వెళ్లారు, ఆ ఊరి జాబితాలు, దస్త్రాలు ఏమయ్యాయి, అని రాసినవారు ఎందరు? యూనికోడులో తెలుగు రాయడం వచ్చిన మనమే రాయకపోతే ఎవరు రాస్తారు? లివర్‌పూల్ విచారణలకు జ్ఞానస్నానాల పుస్తకాలు, సమాధుల పుస్తకాలు ఉన్నాయి. ఐర్లండునుంచి పేరులేక వచ్చినవాడు కూడా అక్కడ ఒక వరుసలో ఒక పేరుగా మిగిలాడు. మన నందన కరవులో పోయినవారి పేర్లు మన దగ్గర ఉన్నాయా? ఎదుటివాని గుడి గోడ చూసి నవ్వేముందు మన ఊరి గుడి తాళం ఎవరి చేతిలో ఉందో వెళ్లి విచారించండి. ఆ మాటలో ఉన్న పూర్తి అర్థంతోనే అంటున్నాను: విచారించండి.

వ్యాఖ్యలు రాయదలచినవారు దయచేసి తెలుగులో, పరుషం లేకుండా రాయండి. వాదానికి వాదం చెబితే తప్పక బదులు చెబుతాను.